మొదటి రేంజ్‌ఫైండర్: పేరు తర్వాత, ముందు అద్దం చూడండి

మా మావయ్య కువైట్ నుంచి వస్తూ తెచ్చిన యాషికా ఎలక్ట్రో 35 అనే రీలు కెమెరా అమలాపురంలో వాళ్లింట్లో ముప్పై ఏళ్లకు పైగా బీరువాలోనే ఉండిపోయింది, పట్టుచీరల కింద, కలరా ఉండల వాసనలో. మొన్నామధ్య అత్తయ్య "నీకేమైనా పనికొస్తుందేమో చూడరా" అని చేతిలో పెట్టింది. తోలు కేసు గుండీ విప్పి బయటికి తీస్తే కొత్తదానిలా మెరుస్తోంది, ఒంటి మీద ఒక్క గీత లేదు. ఫోన్ టార్చి వేసి లెన్స్‌లోకి చూశాను. లోపలి అద్దం మీద, అంచు నుంచి మధ్యకి పాకుతూ, సాలెగూడులాంటి సన్నటి తెల్లటి పోగులు. ఫంగస్.

దానికి వారం ముందే తణుకులో ఒక పాత స్టూడియో మూసేస్తూ అమ్మిన సామాన్లలో ఇదే మోడల్ ఇంకొకటి కొన్నాను. దానికి కేసు లేదు, లెన్స్ మూత లేదు, పైన ఒక మూల సొట్టపోయింది. లెన్స్ మాత్రం కడిగిన ముత్యంలా ఉంది. ఇవాళ్టికీ నేను ఫోటోలు తీస్తున్నది దాంతోనే. మావయ్యది అద్దాల గూట్లో ఉంది.

మొదటి రేంజ్‌ఫైండర్, అంటే రెండు కిటికీలతో దూరం కొలిచి ఫోకస్ చేసే ఇలాంటి రీలు కెమెరా, కొనాలనుకునేవాళ్లకి నేను చెప్పాలనుకున్నదంతా ఈ రెండు కెమెరాల మధ్య తేడాలోనే ఉంది. ఏ కంపెనీ, ఏ మోడల్ అని నెలల తరబడి వెతుకుతారు, ఈ లెన్స్ గొప్పదా ఆ లెన్స్ గొప్పదా అని తెగ చదువుతారు. కానీ ఇవన్నీ యాభై, అరవై ఏళ్ల కిందటి వస్తువులు. ఒకే ఫ్యాక్టరీలో ఒకే రోజు తయారైన రెండింట్లో ఒకటి బంగారం కావచ్చు, ఇంకోటి పాత ఇనుప సామాన్లవాడికి వేయాల్సింది కావచ్చు. అందులోనూ మనది చుట్టూ కాలవలు, చేపల చెరువులు, కొబ్బరితోటలు, పక్కనే సముద్రం ఉన్న నేల, ఉప్పు డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి ఉప్పు చెమ్మగిల్లిపోయే చోటు. ఇక్కడ కెమెరా పేరు కంటే దాని ఆరోగ్యం ముఖ్యం.

అసలు ఈ కెమెరా ఎలా పనిచేస్తుందో ముందు చూద్దాం, అది అర్థమైతేనే కొనేటప్పుడు ఏం పరీక్షించాలో తెలుస్తుంది. ఎస్ఎల్ఆర్ అనే ఇంకో రకం కెమెరాలో మనం లెన్స్ గుండానే చూస్తాం. రేంజ్‌ఫైండర్‌లో లెన్స్ పని లెన్స్‌ది, మనం చూసే కిటికీ వేరే. ఆ కిటికీకి కొంచెం దూరంలో ముందువైపు ఇంకో చిన్న కిటికీ ఉంటుంది, అందులోంచి వచ్చిన బొమ్మని లోపలి అద్దాలు తిప్పి తీసుకొచ్చి మనం చూస్తున్న దృశ్యం నడుమ ఒక పసుపు మచ్చలా పరుస్తాయి. నర్సాపురం రేవులో సఖినేటిపల్లి వెళ్లే పంటు ఎక్కి, అవతలి చివర సైకిల్ పట్టుకుని నిలబడ్డ పెద్దాయన వైపు కెమెరా పెట్టారనుకోండి, ఆ మచ్చలో ఆయన తలపాగా రెండుగా కనిపిస్తుంది, ఒకటి అసలుది, ఇంకోటి దాని నీడలా పక్కకి జరిగి. ఫోకస్ రింగు మెల్లగా తిప్పుతుంటే ఆ నీడ జరిగి జరిగి వచ్చి అసలు తలపాగాలో కలిసిపోతుంది. కలిసిందంటే ఫోకస్ కుదిరినట్టే. మన రెండు కళ్లు దూరాన్ని అంచనా కట్టినట్టే రెండు కిటికీలు కలిసి దూరాన్ని కొలుస్తున్నాయి, లెన్స్ లోపలి చిన్న మీట ఆ కొలతతో పాటు ముందుకీ వెనక్కీ కదులుతోంది, అంతే సంగతి. ఒక్కసారి ఆ కలవడం కంటితో చూశాక వదలబుద్ధి కాదు, నాకైతే అలాగే పట్టుకుంది.

దీనికి కొన్ని పరిమితులున్నాయి. కింద చెప్పబోయే కానన్ కానొనెట్, మన ఎలక్ట్రో రెండూ 0.8 మీటర్ల కంటే దగ్గర ఫోకస్ చేయవు, కాబట్టి గొబ్బెమ్మ మీద పెట్టిన బంతిపువ్వుని దగ్గరగా తీద్దామంటే కుదరదు. జూమ్ ఉండదు. లెన్స్ మూత తీయకపోయినా కిటికీలో అంతా చక్కగా కనిపిస్తూనే ఉంటుంది, అలా రీలంతా నల్లగా వచ్చిన ఇళ్లు చాలా ఉన్నాయి. పూలు, పిట్టలు తీయాలని ఉంటే ఎస్ఎల్ఆర్ కొనుక్కోండి, అందులో తప్పేం లేదు. మనుషుల మధ్య తిరుగుతూ తీయాలంటే మాత్రం ఇదే. షట్టర్ చప్పుడు పక్కవాడికి కూడా వినిపించీ వినిపించనట్టు ఉంటుంది, ఫ్రేము గీతల బయట ఏం వస్తోందో కూడా కనిపిస్తుంది. కనుమ రోజు జగ్గన్నతోటలో ప్రభలు పొలాల మీదుగా ఊగుతూ వస్తుంటే, ఫ్రేములోకి ఎవరు రాబోతున్నారో ముందే చూసి నొక్కొచ్చు.

ఇక పేర్ల సంగతి. రేంజ్‌ఫైండర్ అనగానే అందరి నోటా వచ్చేది లైకా. 1954లో వచ్చిన ఎం3 పట్టుకుంటే ఎందుకంత పేరో తెలుస్తుంది, కానీ మొదటి కెమెరాకి అంత డబ్బు పెట్టక్కర్లేదు, కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేద్దాం. మన బడ్జెట్‌లో మిగిలేవి రెండు కుటుంబాలు: లెన్స్ ఊడదీయడానికి వీల్లేని జపాన్ కెమెరాలు, లెన్స్ మార్చుకోగల సోవియట్ కెమెరాలు.

జపాన్ వాటిలో ముందు చెప్పుకోవాల్సింది కానన్ కానొనెట్ క్యూఎల్17 జీ3. 1972లో వచ్చింది, 40 మిల్లీమీటర్ల ఎఫ్/1.7 లెన్స్ (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లోపలికి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది). రెండోది మన యాషికా ఎలక్ట్రో 35, మొదటిది 1966లో వచ్చింది, తర్వాత జీఎస్ఎన్ దాకా చాలా రకాలు వచ్చాయి, ఈ పెద్ద సైజు వరసకి 45 మిల్లీమీటర్ల ఎఫ్/1.7 లెన్సే. ఒలింపస్ 35 ఆర్సీ 1970 నాటిది, ఎఫ్/2.8 లెన్స్, బరువు నాలుగు వందల గ్రాములు దాటి కొంచెమే, చొక్కా జేబులో కాకపోయినా ప్యాంటు జేబులో పడుతుంది. మినోల్టా హై-మాటిక్ 7ఎస్, కొనికా ఆటో ఎస్2 కూడా ఈ వరసలోవే, రెండిట్లోనూ ఎఫ్/1.8 లెన్స్ ఉంటుంది, పేరు అంతగా నలగలేదు కాబట్టి ఒక్కోసారి చవగ్గా దొరుకుతాయి. వీటిని చవక కెమెరాలని తేలిగ్గా తీసిపారేసే వాళ్లకి ఒక్క మాట: 1962లో అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరిగినప్పుడు వెంట తీసుకెళ్లింది మందుల షాపులో 40 డాలర్లకి కొన్న హై-మాటిక్, అక్కడ దాన్ని ఆన్స్కో పేరుతో అమ్మేవాళ్లు.

వీటి మధ్య అసలు తేడా లెన్సులో కాదు, బ్యాటరీలో ఉంది. చాలామందికి చిక్కుపడేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. ఈ కెమెరాలన్నీ పాదరసం బ్యాటరీల కాలంలో తయారయ్యాయి. పాదరసం విషమని ఆ బ్యాటరీలు ఆపేశారు, ఇప్పుడు దొరకవు. కానొనెట్‌కి కావాల్సింది 1.35 వోల్టులు. అదే సైజులో 1.5 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ వేస్తే కెమెరా ఆడుతుంది, కానీ వెలుతురు కొలిచే లోపలి మీటర్ ముల్లు ఎక్కువ కదిలి, వెలుతురు ఉన్నదాని కంటే ఎక్కువ ఉందనుకుంటుంది, ఫోటోలు చీకటిగా వస్తాయి. దీనికి తేలికైన మందు, నిజంగానే మందుల షాపులో దొరికేది, చెవి మిషన్లో వేసే 675 నంబరు బ్యాటరీ. అది 1.4 వోల్టులిస్తుంది, సరిపోతుంది. స్టిక్కర్ పీకాక రెండు మూడు నెలల్లో అయిపోతుంది, అయినా చవకే. అయితే కానొనెట్‌లో గొప్పదనం ఏమిటంటే, బ్యాటరీ అస్సలు లేకపోయినా షట్టర్ స్పీడు, అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం సైజు) మనమే పెట్టుకుని తీయొచ్చు. మీటర్ ఒక్కటే పనిచేయదు. ఒలింపస్ ఆర్సీ కూడా అంతే.

ఎలక్ట్రో పేరుకి తగ్గట్టే బ్యాటరీ మీద బతికే కెమెరా. మనం అపెర్చర్ పెడితే స్పీడు అదే చూసుకుంటుంది, ఏ స్పీడో మనకి చెప్పదు, ఎరుపు దీపం వెలిగితే వెలుతురు ఎక్కువైందని, పసుపు దీపం వెలిగితే చెయ్యి కదలకుండా పట్టుకోమని, అంతవరకే. బ్యాటరీ అయిపోతే ఒక్క 1/500 స్పీడే, అంటే సెకనులో అయిదువందలో వంతే, మిగులుతుంది. దానికి కావాల్సింది 5.6 వోల్టులు, ఇప్పుడు దొరికే 6 వోల్టుల చిన్న బ్యాటరీకి ఒక అడాప్టరో స్ప్రింగో జోడించి వేస్తే చక్కగా పనిచేస్తుంది, ఆ కొంచెం తేడాకి ఫోటోలు పాడవవు. దీనికే ఇంకో జబ్బుంది: లోపల ఒక చిన్న రబ్బరు ప్యాడ్ కాలం గడిచేకొద్దీ చివికిపోతుంది, అది పోతే స్పీడులు అడ్డదిడ్డంగా వస్తాయి. రీలు తిప్పే మీట లాగినప్పుడు లోపల "టక్" మని గట్టిగా వినిపించాలి. వినిపించకపోతే ప్యాడ్ పోయిందనుకుని ధర తగ్గించమని అడగండి, లేదా వదిలేయండి.

సోవియట్ వాటి కథ వేరు. ఎఫ్ఈడీ ఖార్కివ్‌లో, జోర్కీ మాస్కో దగ్గర క్రాస్నోగోర్‌స్క్‌లో తయారయ్యాయి, మొదట్లో రెండూ లైకాకి నకళ్లే. కీవ్ కెమెరా జర్మన్ కాంటాక్స్ నుంచి పుట్టింది, దాని రెండు కిటికీల మధ్య దూరం 90 మిల్లీమీటర్లు, అందుకని ఫోకస్ చాలా కచ్చితంగా కుదురుతుంది, కానీ షట్టర్ చిక్కైనది, బాగుచేసేవాళ్లు దొరకరు. మొదటిసారి కొనేవాళ్లకి ఎఫ్ఈడీ 2 గానీ జోర్కీ 4 గానీ నయం, వెనక తలుపు మొత్తం ఊడి వస్తుంది కాబట్టి రీలు ఎక్కించడం తేలిక. పాత మోడళ్లలో రీలు అడుగు నుంచి దూర్చాలి, దానికోసం రీలు మొదటి భాగాన్ని కత్తిరించుకోవాలి, కొత్తవాళ్లకి అది అనవసరమైన టెన్షన్. వీటితో వచ్చే జూపిటర్-8, ఇండస్టార్-61 లెన్సులు మంచివి, చవకవి. బ్యాటరీ అక్కర్లేదు. ఒక్కటి మాత్రం మెదడులో ముద్ర వేసుకోండి: ముందు రీలు తిప్పాలి, ఆ తర్వాతే స్పీడు మార్చాలి. తిప్పకుండా మార్చితే లోపలి పళ్లు పాడవుతాయి. కొనేటప్పుడు అమ్మేవాళ్లు ఆ వరస తప్పి తిప్పుతుంటే, ఇన్నాళ్లూ దాన్ని ఎలా వాడారో అక్కడే తెలిసిపోతుంది. ఇంకో మాట, బంగారు రంగు పూసి లైకా అని చెక్కి అమ్మేవి చాలామటుకు ఈ ఎఫ్ఈడీలూ జోర్కీలే. వాటి జోలికి వెళ్లొద్దు.

నేను మొదట కొన్నది జోర్కీ 4. ఆన్‌లైన్లో ఫోటో చూసి, "ఫుల్ వర్కింగ్ అండి" అన్న మాట నమ్మి డబ్బు పంపాను. మొదటి రీలు కడిగించి తెచ్చుకుంటే ఎండలో తీసిన ప్రతి ఫోటోలోనూ ఒకేచోట తెల్లటి చుక్కలు, ఆకాశంలో నక్షత్రాల్లాగా. ఈ కెమెరాల్లో షట్టర్ అంటే రబ్బరు పూసిన గుడ్డ తెర. మూత లేకుండా సూర్యుడి వైపు పెట్టి ఉంచితే, చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చినట్టు లెన్స్ ఆ గుడ్డని కాల్చి చిల్లు పెడుతుంది. వెనక తలుపు తీసి, లెన్స్ విప్పి, తెరని ట్యూబ్‌లైటుకి ఎదురుగా పెట్టి చూస్తే నిమిషంలో తెలిసిపోయేది. ఆ నిమిషం నేను పెట్టలేదు, అమ్మినాయన పెట్టనివ్వలేదు. అందుకే చెప్తున్నాను, వీలైనంతవరకు చేత్తో పట్టుకుని చూసి కొనండి, రాజమండ్రి దాకా బస్సెక్కి వెళ్లాల్సి వచ్చినా సరే.

చేతికి వచ్చాక ముందు ఫంగస్ చూడండి. షట్టర్‌ని బి (నొక్కినంతసేపూ తెరిచే ఉండే సెట్టింగు) మీద పెట్టి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, వెనక తలుపు తీసి, బటన్ నొక్కి పట్టుకుని వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి కొంచెం ఏటవాలుగా చూడాలి. సూటిగా చూస్తే ఏమీ కనపడదు, పక్కనుంచి వెలుతురు పడితేనే పోగులు తేలతాయి. దుమ్ము రేణువులు నాలుగైదు ఉంటే పట్టించుకోకండి, ఫోటోలో కనపడవు. పాలు కలిపిన నీళ్లలా మసక పొర ఉంటే అది నూనె ఆవిరి కావచ్చు, మెకానిక్ తుడిస్తే పోవచ్చు. కానీ వేర్లలా కొమ్మలు వేసిన పోగులుంటే అది ప్రాణమున్న బూజు, అది వదిలే ఆమ్లం అద్దం మీది పూతనీ అద్దాన్నీ తింటుంది, పైది తుడిచినా మచ్చ అలాగే ఉండిపోతుంది. అంచున కొంచెమే ఉంటే, ధర బాగా తగ్గిస్తే, తీసుకుని శుభ్రం చేయించుకోవచ్చు. మధ్యలో ఉంటే వద్దు. మన దగ్గర ఆ బూజు ఎక్కువగా మొదలయ్యేది అందరూ అపురూపంగా దాచుకునే ఆ తోలు కేసులోంచే. తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది, చీకటి, గాలి ఆడదు, బూజుకి ఇంకేం కావాలి. తణుకు కెమెరాని కాపాడింది దాని కేసు పోవడమేనని నా నమ్మకం.

తర్వాత పసుపు మచ్చ. కొన్నిట్లో అది వెలిసిపోయి కనపడీ కనపడకుండా ఉంటుంది, అలాంటిది కొంటే ప్రతి ఫోటోకీ కళ్లు చిట్లించాలి. మచ్చ ఉంటే, బాగా దూరంలో ఉన్నదేదైనా చూడండి. రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీద నిలబడి ఆర్చి వంతెన కమానుల వైపు పెట్టి, ఫోకస్ రింగుని అనంతం గుర్తు దాకా తిప్పితే రెండు కమానులూ ఒకటైపోవాలి. ఒకటి కాకుండా పక్కకి మిగిలినా, ఒకదాని మీద ఒకటి పైకీ కిందకీ ఉన్నా, సర్దించాలి. అది పెద్ద పని కాదు, తెలిసినవాళ్లు అరగంటలో సర్దుతారు, కానీ ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి. ఇంట్లో టేపు పెట్టి సరిగ్గా ఒక మీటరు దూరంలో కూడా ఒకసారి చూసుకుంటే మంచిది.

షట్టర్ పలకలు అతుక్కుపోవడం ఇంకో మామూలు జబ్బు, కానొనెట్‌లో మరీ. ఏళ్ల తరబడి వేసవి వేడికి లోపలి గ్రీజు కరిగి పలకల మీదకి పాకుతుంది. తక్కువ స్పీడులు పెట్టి పదిసార్లు నొక్కి, ఫోన్లో స్లో మోషన్ వీడియో తీసి చూస్తే పలకలు తడబడుతున్నాయో లేదో తెలుస్తుంది. బ్యాటరీ మూత విప్పి పచ్చటి తుప్పు ఉందేమో చూడండి, కొంచెం ఉంటే నిమ్మరసం అద్దిన దూదితో పోతుంది, వైరు దాకా పోతే కష్టం. తలుపు గాడిలోని నల్లటి స్పాంజి జిగట తారులా అయిపోయి ఉంటుంది, దానికి భయపడకండి, గీకేసి స్పిరిట్‌తో తుడిచి, ఆ గాడిలో నల్ల ఊలు దారం కూర్చితే వెలుతురు లోపలికి రాదు. నేను అల్లిక దారం ముక్కతోనే చేశాను, రూపాయి ఖర్చు కాలేదు.

డబ్బు లెక్క నేను ఇలా వేస్తాను. చేతిలో ఉన్నదాంట్లో మూడో వంతు పక్కన పెట్టేయండి, అది మెకానిక్‌కీ మొదటి మూడు రీళ్లకీ. ఒకప్పుడు ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్లు తయారుచేసిన ఇందు రీళ్లుండేవి, ఆ కంపెనీ మూతపడింది, ఇప్పుడు రీళ్లన్నీ బయటి దేశాల నుంచి రావాల్సిందే, ధరలు కూడా అలాగే ఉన్నాయి. మన ఊళ్లలో కలర్ రీలు కడిగే మిషన్లు చాలామటుకు ఆగిపోయాయి, కొరియర్లో సిటీకి పంపాలి. నలుపు తెలుపు అయితే ఇంట్లోనే కడుక్కోవచ్చు, కాకపోతే మందు నీళ్లు 20 డిగ్రీలుండాలని సీసా మీద రాసుంటుంది, మే నెలలో మన కుళాయి నీళ్లలో చెయ్యి పెడితే కాలుతుంది, గిన్నె చుట్టూ ఐసు ముక్కలు పేర్చుకోవాల్సిందే.

రీలు స్పీడు కూడా, అంటే వెలుతురుని ఎంత తొందరగా పట్టుకుంటుందో చెప్పే ఐఎస్ఓ అంకె, మన ఎండని చూసి ఎంచుకోండి. ఈ జపాన్ కెమెరాల షట్టర్ 1/500 దాటదు. మిట్ట మధ్యాహ్నం 400 ఐఎస్ఓ రీలు వేస్తే ఎఫ్/16 దగ్గర ఇరుక్కుపోతారు, కెమెరా చేతులెత్తేస్తుంది. 100 గానీ 200 గానీ వేసుకుంటే ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర హాయిగా తీయొచ్చు. 400 ముసురు రోజులకీ పెళ్లి పందిళ్లకీ ఉంచుకోండి.

మరి ఏది కొనాలి అంటే, నా ఓటు కానొనెట్‌కే, బ్యాటరీ ఉన్నా లేకపోయినా పనిచేస్తుంది, నేర్చుకోవడానికి చేతి సెట్టింగులున్నాయి. అది ధర ఎక్కి కూర్చుంటే టక్‌మని వినిపించే ఎలక్ట్రో, లేదా శుభ్రమైన హై-మాటిక్. లెన్సులు మార్చాలని నిజంగా కోరిక ఉంటే ఎఫ్ఈడీ 2, తెర చూసుకుని. అయితే శుభ్రమైన లెన్స్ ఉన్న కొనికా ఎదురుగా ఉండి, బూజు పట్టిన కానొనెట్ దాని పక్కన ఉంటే, ఆలోచించకుండా కొనికా తీసుకోండి. వీటన్నిటికంటే ముందు మీ చుట్టాల ఇళ్లలో అడగండి. కోనసీమలో గల్ఫ్ వెళ్లొచ్చిన ఇల్లు లేని వీధి లేదు, ఆ రోజుల్లో వచ్చినవాళ్లు టేప్‌రికార్డరుతో పాటు కెమెరా కూడా తెచ్చేవాళ్లు. ఏ బీరువాలో ఏముందో ఎవరికి తెలుసు.

కొన్నాక తోలు కేసు విడిగా పెట్టేయండి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, వీలైతే తేమ చూపించే చిన్న మీటరు, తేమ 40, 50 శాతం మధ్య ఉంటే చాలు. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి, ఆ పిండి దుమ్ము లోపలికి పోతుంది. సిలికా గింజలు నీలం నుంచి గులాబీ రంగుకి మారితే వంటకి వాడని మూకుడులో వేడి చేస్తే మళ్లీ నీలం అవుతాయి. అంతర్వేది బీచికి తీసుకెళ్తే ఇంటికొచ్చాక మెత్తటి గుడ్డతో ఉప్పు గాలి తుడిచేయండి. అన్నిటికంటే ముఖ్యం, వాడుతూ ఉండండి, నెలకోసారైనా బయటికి తీసి అన్ని స్పీడుల మీదా నొక్కండి, కాసేపు వెలుతురులో ఉంచండి.

మొదటి రీలుని పరీక్షకే కేటాయించండి. ఒక చిన్న పుస్తకంలో ప్రతి ఫోటోకీ అపెర్చర్, దూరం, ఎండో నీడో రాసుకోండి. కడిగి వచ్చాక నెగెటివ్‌ని కిటికీ దగ్గర పట్టుకుని చూడండి. ఫ్రేముల మధ్య ఖాళీలు సమానంగా లేకపోతే రీలు తిప్పే పళ్ల దోషం, అంచున నల్లటి చారలు దిగితే తలుపు స్పాంజి దోషం, అన్ని ఫ్రేముల్లోనూ ఒకేచోట చుక్కలుంటే తెర, దగ్గర ఫోటోలు మసకగా వచ్చి దూరానివి బాగుంటే ఆ పసుపు మచ్చ సర్దించాలి. ఆ నెగెటివ్‌నీ పుస్తకాన్నీ మెకానిక్ ముందు పెట్టండి, చూడగానే ఎక్కడ విప్పాలో ఆయనకి తెలిసిపోతుంది.